అత్తగారి కార్డులో పేరు, మావారికి గుండె ఆపరేషన్

హైదరాబాదు శివారులో అద్దె ఇంట్లో ఉంటున్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు చెప్పవద్దన్నారు కనుక సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె భర్తకు 44 ఏళ్లు, ఆటో నడుపుతారు. కొన్నాళ్లుగా మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉండి, ఎడమ చెయ్యి లాగేది. గ్యాస్ అనుకుని మాత్రలు వేసుకుంటూ నెట్టుకొచ్చారు. చివరికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ తీయిస్తే మూడు రక్తనాళాలు పూడుకుపోయాయని, నెలలోపు బైపాస్ చేయించుకోవడం మంచిదని డాక్టరు చెప్పారు. ఆ ఆసుపత్రి ఆరోగ్యశ్రీ జాబితాలో ఉంది. అయితే కౌంటరులో ఉన్నవారు, ‘ఆరోగ్యశ్రీలో చేస్తాం కానీ మందులకు, సామగ్రికి విడిగా 80 వేలు కట్టాలి, అప్రూవల్ వచ్చేదాకా ఆగాలి, నగదు అయితే 4 లక్షల ప్యాకేజీ, ఈ వారంలోనే చేసేస్తాం’ అన్నారట.

ఆమె భర్త పేరు ఇప్పటికీ నాగర్‌కర్నూల్ జిల్లాలోని సొంత ఊళ్లో అత్తగారి పేరిట ఉన్న ఆహార భద్రత కార్డులోనే ఉంది. పెళ్లయ్యాక ఈమె పేరు పుట్టింటి కార్డులోంచి తీసేశారు, అత్తింటి కార్డులో ఎక్కించలేదు. పిల్లలిద్దరి పేర్లూ ఎందులోనూ లేవు. పొలం పంపకాల దగ్గర మామగారితోనూ మరిదితోనూ మాటామాటా పెరిగి, ఆ ఇంటి గడప తొక్కి మూడేళ్లయింది. అత్తగారు మాత్రం ఎవరికీ తెలియకుండా అప్పుడప్పుడు ఫోను చేసి పిల్లల్ని పలకరిస్తుంటారు. మీసేవలో తెలిసినవారు, ‘ముందు ఆ కార్డులోంచి పేరు తీయించుకోండి, ఇక్కడ మీ నలుగురికీ కొత్త కార్డు పెడదాం’ అంటున్నారు. ఈమె అన్నయ్య, పుట్టింటివారు ఈమెకిచ్చిన 100 గజాల ప్లాటు కాగితాలు కుదువపెట్టి, 3 రూపాయల వడ్డీకి ఫైనాన్సులో 4 లక్షలు ఇప్పిస్తానంటున్నారు. భర్తేమో, ‘మా నాన్న గుమ్మం ఎక్కను, ఆరోగ్యశ్రీ అంటే జూనియర్లు కోస్తారు, అసలు ఆపరేషనే వద్దు’ అని మొండికేస్తున్నారు.

ఉత్తరం చివర తన గురించి రెండు ముక్కలు రాశారు. ఒక కాంట్రాక్టరు కింద హౌస్‌కీపింగ్ పని చేస్తున్నారు. రెండేళ్లు దాటింది. జీతం 12 వేలు, ‘అందులోనూ పీఎఫ్ కాక ఈఎస్ఐ అని 90 రూపాయలు పట్టుకుంటారు’ అని రాసి, తన ప్రశ్నలు అడిగారు: అత్తగారి కార్డు మావారికి పనికొస్తుందా? 80 వేలు కట్టాలా? అప్పు చేయడం తప్పా? ఆ ఇంటికి నేను వెళ్లి అడగాలా?

అమ్మా,

మీ ఉత్తరంలో నాకు ఊరట కలిగించిన మాట ఒకటుంది: డాక్టరు ‘నెలలోపు’ అన్నారు. మీకు ఉన్న వ్యవధి అదే, ఒక్క రోజు కూడా వృథా చేయకుండా వాడుకోవలసిందీ అదే. మళ్లీ ఒకసారి ఆ డాక్టరును కలిసి, ఎన్నాళ్లు ఆగవచ్చో, ఈలోగా ఏ మందులు వాడాలో, ఆటో నడపవచ్చో లేదో చీటీ మీద రాయించుకోండి. యాంజియోగ్రామ్ సీడీ, రిపోర్టు అడిగి తీసుకోండి. అవి మీవి, ఇంకే ఆసుపత్రికి వెళ్లినా వాళ్లు మొదట అడిగేవి అవే. కూర్చుని ఉండగానే నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా, నొప్పి పావుగంటకు తగ్గకపోయినా ఈ ఉత్తరంలోని సందేహాలన్నీ పక్కనపెట్టి 108కి ఫోను చేయండి. అత్యవసరంలో ఆరోగ్యశ్రీ వారు ఫోను ద్వారానే ముందస్తు అనుమతి ఇస్తారు, కాగితాలు తరువాత చూసుకుంటారు.

ఇక కార్డు సంగతి. మీవారి పేరు అత్తగారి కార్డులో ఉండడం మీకు అడ్డంకి కాదు, ప్రస్తుతం మీ చేతిలో ఉన్న బలం అదే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ అర్హతకు ఆహార భద్రత కార్డే ఆధారం. అందులో పేరున్న ప్రతి ఒక్కరూ, ఏ ఊళ్లో ఉంటున్నా, రాష్ట్రంలోని ఏ నెట్‌వర్క్ ఆసుపత్రిలోనైనా, అంటే ఆరోగ్యశ్రీ జాబితాలో ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా, చేరవచ్చు. ఒకే ఇంట్లో ఉండాలన్న షరతు గానీ, తండ్రీకొడుకులు మాట్లాడుకుంటూ ఉండాలన్న షరతు గానీ లేదు. కార్డు అత్తగారి పేరిట ఉండడం కూడా మామూలే. 2013 నాటి ఆహార భద్రత చట్టం ఇంట్లోని పెద్ద స్త్రీనే కార్డుకు యజమానిగా పెట్టమంటుంది. ఆరోగ్యశ్రీలో కుటుంబానికి ఏడాదికి ఉన్న పరిమితిని 2023 డిసెంబరు 9 నుంచి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఆ పరిమితి ఆ కార్డులో ఉన్న అందరికీ కలిపి. ఈ ఏడాది ఆ ఇంట్లో మరెవరికైనా పెద్ద చికిత్స జరిగి ఉంటే తప్ప మీకు లోటు రాదు, జరిగినా సాధారణంగా బైపాస్‌కు సరిపడా మిగిలే ఉంటుంది. ఆయుష్మాన్ భారత్ కార్డు విడిగా తీసుకోవాలేమోనన్న కంగారు కూడా అక్కర్లేదు. తెలంగాణ 2021లో ఆ పథకంలో చేరింది, ఇక్కడ ఆరోగ్యశ్రీతో కలిపే నడుస్తోంది.

అందుకే మీసేవలో చెప్పిన సలహా ఈ నెలలో మాత్రం వినవద్దు. కొత్త కార్డు కావాలంటే పాత కార్డులోంచి పేరు తొలగించాలన్నది నిజమే. ఆ తొలగింపుకూ కొత్త కార్డు మంజూరుకూ మధ్య విచారణ ఉంటుంది, సంతకాలు ఉంటాయి. వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. ఆ మధ్యకాలంలో మీవారి పేరు ఏ కార్డులోనూ ఉండదు. ఆపరేషను కావలసిన మనిషికి ఉన్న ఒక్క ఆధారాన్నీ మన చేతులతో మనమే తెంపుకున్నట్టు అవుతుంది. చెప్పినవారికి దురుద్దేశం ఉండి ఉండదు, వాళ్లకు కనిపించింది రేషను బియ్యం, మీకు కావలసింది ఆపరేషను. ఇప్పటికే దరఖాస్తు పెట్టి ఉంటే, తొలగింపు జరగకముందే తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి దాన్ని నిలిపివేయమని కాగితం ఇవ్వండి.

కార్డులో పేరు సరిగ్గా ఉందో లేదో ఆసుపత్రిలో చేరే రోజు తెలుసుకోవడం చాలా ప్రమాదం. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, కార్డులో వెనక ఉండడం, వయసు పదేళ్లు తేడాగా పడడం, ఈకేవైసీ (కార్డులోని వారి వేలిముద్రను ఆధార్‌తో సరిచూడడం) పూర్తి కాకపోవడం మన ఊళ్లలో ఎంతోమందికి ఉన్న చిక్కే. మీవారు మూడేళ్లుగా ఊరికి వెళ్లలేదంటున్నారు కనుక, ఈకేవైసీలో వేలిముద్ర పడిందో లేదో మొదట చూసుకోండి. కార్డు నంబరు తెలిస్తే చాలు. దాన్ని పట్టుకుని ఏ నెట్‌వర్క్ ఆసుపత్రిలోనైనా ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళితే వివరాలు చూసి చెబుతారు. ఆరోగ్యమిత్ర అంటే ఆసుపత్రి కౌంటరులో డబ్బు లెక్క చెప్పినవారు కాదు. ఆరోగ్యశ్రీ ట్రస్టు తరఫున కూర్చునే మనిషి, విడిగా బల్ల ఉంటుంది. మీరు ఉత్తరంలో ఎక్కడా ఆరోగ్యమిత్రతో మాట్లాడినట్టు రాయలేదు. మీకు ఇప్పటిదాకా వచ్చిన సమాచారమంతా మీ దగ్గర డబ్బు రావలసినవారి నోటి నుంచి వచ్చినదే.

ఇప్పుడు ఆ 90 రూపాయల దగ్గరికి వస్తాను. మీరు దాన్ని పోయిన డబ్బుగా రాశారు కానీ, నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. నెలకు 21 వేల లోపు జీతం ఉన్నవారి దగ్గర ముప్పావు శాతం కోసి, యజమాని మూడుంపావు శాతం కలిపి కడితే అది ఈఎస్ఐ. మీ 12 వేలలో ముప్పావు శాతం సరిగ్గా 90 రూపాయలు. ఆ చందాతో వైద్యం మీకు మాత్రమే కాదు, మీ భర్తకు, పిల్లలకు కూడా వర్తిస్తుంది. ఒక మనిషి చికిత్సకు ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదన్న పైపరిమితి అందులో లేదు. హైదరాబాదులో సనత్‌నగర్‌లో ఈఎస్ఐకి పెద్ద ఆసుపత్రి, సూపర్ స్పెషాలిటీ విభాగాలు ఉన్నాయి. అక్కడ కుదరనివాటికి ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి రాసి పంపుతారు.

అయితే ఇందులోనూ తేల్చుకోవలసినవి ఉన్నాయి. కోసిన చందాను కాంట్రాక్టరు నిజంగా కడుతున్నారా? మీ ఐపీ నంబరు (ఈఎస్ఐలో మీ పేరిట ఉండే సభ్యత్వ నంబరు) కింద మీవారి పేరు, ఆధార్ నమోదై ఉన్నాయా? గుండె ఆపరేషను వంటి స్పెషాలిటీ చికిత్సకు మీరు ఎంతకాలంగా ఉద్యోగంలో ఉన్నారు, ఎన్ని రోజుల చందా పడింది అన్నది కూడా చూస్తారు. మీరు రెండేళ్లు దాటిందన్నారు కనుక ఆశ ఉంది. మీ జీతం చీటీ, ఆధార్ కార్డులు పట్టుకుని మీ ఈఎస్ఐ డిస్పెన్సరీకి గానీ, ఈఎస్ఐ శాఖా కార్యాలయానికి గానీ ఒక పూట సెలవు పెట్టి వెళ్లండి. చందా కట్టలేదని తేలితే అక్కడే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. కార్మికుల దగ్గర కోసిన సొమ్ము కట్టకపోవడం చట్టరీత్యా నేరం. ఆ మాట సూపర్‌వైజరుకు తెలిసేలా అడిగినా కొన్నిసార్లు పని జరుగుతుంది.

ఇంకొక విషయం మీకు ముందే తెలియాలి. ఆరోగ్యశ్రీని రూపొందించినప్పుడే, కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం, ఈఎస్ఐ, రైల్వే, ఆర్టీసీ వంటి వేరే సదుపాయం ఉన్నవారిని అందులోంచి మినహాయించారు. కౌంటరులో మొదట చూసేది కార్డులో పేరునే అయినా, రేపు ఎవరైనా ఈ సంగతి ఎత్తితే మీరు తడబడకూడదు. ఆరోగ్యమిత్రకు ఉన్నది ఉన్నట్టు చెప్పి, ‘నాకు ఈఎస్ఐ కోస్తున్నారు, మావారికి కార్డు ఉంది, ఏ దారిలో రమ్మంటారు?’ అని అడగండి. దాచి చేరి, మధ్యలో అప్రూవల్ ఆగిపోవడం కన్నా ఇది మేలు. ఒక దారి మూసుకున్నా రెండోది తెరిచే ఉంటుంది కనుక, రెండింటి కాగితాలూ ఒకేసారి సిద్ధం చేసుకోండి.

80 వేల విషయం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ మంది లొంగిపోతారు. ఆరోగ్యశ్రీలో ప్రతి చికిత్సకూ ముందే నిర్ణయించిన ప్యాకేజీ ధర ఉంటుంది. ఆసుపత్రి మీ రిపోర్టులు ట్రస్టుకు పంపుతుంది, అక్కడి డాక్టర్లు చూసి అనుమతిస్తారు, ఆపరేషను అయి రోగి ఇంటికి వెళ్లాక ట్రస్టు ఆసుపత్రికి డబ్బు కడుతుంది. ఆ ప్యాకేజీలో పడక, ఆపరేషను థియేటరు, సర్జను, మత్తు డాక్టరు, మందులు, సామగ్రి, పరీక్షలు, భోజనం, డిశ్చార్జి తరువాత కొద్ది రోజుల మందులు, ఇంటికి వెళ్లే దారి ఖర్చు కూడా ఉంటాయి. ‘మందులకు, సామగ్రికి విడిగా’ అన్న మాటకు అందులో చోటు లేదు. అలా వసూలు చేసినట్టు రుజువైతే ట్రస్టు ఆ సొమ్ము తిరిగి ఇప్పించగలదు, జరిమానా వేయగలదు, జాబితాలోంచి ఆసుపత్రిని తీసేయగలదు కూడా.

ఆసుపత్రుల వైపు బాధ లేదని నేను అనను. ప్యాకేజీ ధరలు చాలా ఏళ్లు పెరగలేదు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం చికిత్సల సంఖ్యను 1,835కు పెంచి, ధరలు కూడా సవరించింది. అయినా బకాయిలు సకాలంలో రావడం లేదని 2025 సెప్టెంబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు కొద్ది రోజులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే ఏడాది అక్టోబరులో అదే పరిస్థితి వచ్చింది. ఇది ప్రభుత్వమూ ఆసుపత్రులూ తేల్చుకోవలసిన లెక్క. ఆటో నడిపే మనిషి భార్య చెవి కమ్మలు అమ్మి పూడ్చవలసిన లోటు కాదు. ఈ మాట నేను కోపంతోనే రాస్తున్నాను.

మీ ముందు ఇక్కడ మూడు దారులున్నాయి. ఒకటి, కౌంటరులో ‘ఆ 80 వేలు దేనికో వరుసగా కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇవ్వండి, ఆరోగ్యమిత్రకు చూపించుకుంటాను’ అని మర్యాదగా అడగడం. చాలాసార్లు కాగితం అడిగేసరికి అంకె తగ్గిపోతుంది, లేదా మాయమవుతుంది. కొన్నిసార్లు ‘ఇప్పుడు పడకలు ఖాళీ లేవు’ అన్న జవాబు వస్తుంది. దానికీ సిద్ధపడి వెళ్లండి. రెండు, చేరకముందే ఆరోగ్యశ్రీ ఫిర్యాదులు తీసుకునే 104కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించి, దాని నంబరు రాసుకుని, ఆరోగ్యశ్రీ జిల్లా కోఆర్డినేటరును కలవడం. దీనివల్ల పని జరగవచ్చు. కానీ అదే ఆసుపత్రిలో మీవారిని పడుకోబెట్టడానికి మీకు మనసొప్పకపోవచ్చు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. మూడు, వేరే దారి లేక ఎంతో కొంత కట్టడం. అలా కట్టవలసి వస్తే చేతికి నోట్లు ఇవ్వకండి. ఫోనులో ఆసుపత్రి ఖాతాకే పంపండి, రసీదు తీసుకోండి, ప్రతి మందుల చీటీ దాచండి, డిశ్చార్జి అయ్యాక ఫిర్యాదు చేయండి. రసీదు ఇవ్వనంటే ఆ డబ్బు ఎటు పోతుందో మీకే అర్థమవుతుంది. ఒక్కటి మాత్రం ఆసుపత్రి న్యాయంగానే అడగవచ్చు: బైపాస్‌కు రక్తం కావాలి, రక్తదాతలను తీసుకురమ్మంటారు. మీవారి ఆటో స్టాండులోని స్నేహితులకు ఇప్పుడే చెప్పి ఉంచండి. డబ్బు అడగడానికి మొహమాటపడే మనిషి రక్తం అడగడానికి పడనక్కర్లేదు.

అదే ఆసుపత్రిలో చేయించాలన్న నియమం కూడా లేదు. నిమ్స్‌లో, ఉస్మానియాలో, గాంధీలో గుండె ఆపరేషన్ల విభాగాలున్నాయి, అక్కడా ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. అక్కడ విడిగా 80 వేలు అడిగే కౌంటరు ఉండదు, చేయి తిరిగిన సర్జన్లు ఉంటారు. ఇబ్బంది వరుస దగ్గర: ఓపీ చీటీకి తెల్లవారుజామున నిలబడాలి, ఆపరేషను తేదీ వారాల తరువాత పడవచ్చు, ఒక మనిషి పూర్తిగా వెంట తిరగాలి. డాక్టరు ఇచ్చిన నెల గడువులోపు తేదీ దొరుకుతుందా అన్నదే అక్కడ మీరు అడగవలసిన ప్రశ్న. దొరుకుతుందంటే నేనైతే ఆ దారికే మొగ్గుతాను. దొరకదంటే మరో నెట్‌వర్క్ ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. ఒకచోట అడిగినట్టే అన్నిచోట్లా అడగరు.

అప్పు గురించి. మీ అన్నయ్యగారు మీ మీద ప్రేమతోనే ముందుకొచ్చారు. అయినా లెక్క చూడండి. 4 లక్షలకు 3 రూపాయల వడ్డీ అంటే నెలకు 12 వేలు. అది మీ నెల జీతం మొత్తం. బైపాస్‌లో రొమ్ము ఎముకను కోసి తెరుస్తారు, అది అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. గుంతల రోడ్డు మీద హ్యాండిల్ పట్టుకుని ఆటో నడపడానికి డాక్టరు అంతకన్నా ఆలస్యంగానే ఒప్పుకుంటారు. మూడు నెలలు ఆటో ఆగితే 36 వేలు వడ్డీకే పోతాయి, అసలు అలాగే ఉంటుంది, ఆ మూడు నెలలూ మీరు పనిచేసేది ఫైనాన్సువాళ్ల కోసమే. ఒక్క నెల కట్టలేకపోయినా ప్లాటు కాగితాలు వాళ్ల బీరువాలో ఉంటాయి. నెలలోపు ఏ పథకంలోనూ తేదీ దొరకకపోతే, లేదా నొప్పి ముదిరితే, ప్రాణం కన్నా ప్లాటు ఎక్కువ కాదు, అప్పుడు అప్పు చేయండి. అప్పుడైనా ముందు బ్యాంకులో బంగారం మీద రుణం చూడండి, మహిళా సంఘంలో ఉంటే అక్కడ అడగండి, 3 రూపాయల వడ్డీ అన్నిటికన్నా చివర పెట్టండి. నగదు కట్టి చేయించుకుంటే, అసలు బిల్లులు, ఎమ్మెల్యేగారి సిఫారసు ఉత్తరంతో ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేయవచ్చు. అయితే అందులో తిరిగి వచ్చేది బిల్లులో కొంత భాగమే, అదీ ఆలస్యంగా. దాన్ని నమ్ముకుని 4 లక్షలు తేవడం మంచిది కాదు. నిమ్స్ వంటిచోట ఆపరేషనుకు ముందే ప్రభుత్వం హామీ పత్రం ఇచ్చే పద్ధతి కూడా ఉంది, దాన్ని ఎల్‌ఓసీ అంటారు. ఆరోగ్యశ్రీ, ఈఎస్ఐ రెండూ కాదన్నప్పుడు ఆ ద్వారం తట్టండి.

మీవారి మొండితనం గురించి మీరు రాసిన తీరు చూస్తే, ఆయనకు కోపం కన్నా భయం ఎక్కువగా ఉన్నట్టుంది. ఇంటిని నడిపే మనిషి, తాను పడుకుంటే ఇల్లేమవుతుందోనని ‘ఆపరేషనే వద్దు’ అంటారు. ‘జూనియర్లు కోస్తారు’ అన్న మాటకు మీరు వాదనతో జవాబు చెప్పకండి. సర్జనును కలిసినప్పుడు ‘ఆపరేషను చేసేది మీరేనా సార్?’ అని మీవారినే అడగనివ్వండి. ఆరోగ్యశ్రీలో ఇచ్చేది జనరల్ వార్డు, ప్రత్యేక గది ఉండదు, అప్రూవల్‌కు ఆగాలి. తేడా అక్కడ ఉంటుంది. ఇది దానంగా వచ్చేది కూడా కాదని ఆయనకు చెప్పండి. ఈఎస్ఐ మీ జీతంలోంచి కట్టినది, ఆరోగ్యశ్రీ ఆయన పోయించుకునే ప్రతి లీటరు ఇంధనం మీద కట్టే పన్నులోంచి ప్రభుత్వం ఇచ్చేది. ఈ పథకం 2007 ఏప్రిల్ 1న మొదట అమలైన మూడు జిల్లాల్లో ఆయన పుట్టిన పాత మహబూబ్‌నగర్ ఒకటి. అనంతపురం, శ్రీకాకుళం మిగతా రెండు. వలసలకు, కరువుకు పేరుపడ్డ జిల్లాలనే ముందుగా ఎంచుకున్నారు. వాళ్ల ఊళ్లో ఈ పథకంలో ఆపరేషను చేయించుకుని ఇవాళ పొలం పనులు చేసుకుంటున్నవారు ఆయనకు తెలిసే ఉంటారు. నా మాట కన్నా అలాంటి ఒక మనిషి ఫోను చేసి మాట్లాడితే ఆయనకు ధైర్యం వస్తుంది.

ఇక ఆ ఇంటి గడప. కార్డు కోసమే అయితే మీరు వెళ్లనక్కర్లేదు. నంబరు ఊళ్లోని రేషను డీలరు దగ్గరా ఉంటుంది, అత్తగారూ ఫోనులో చదివి చెప్పగలరు. ఆమె చదువుకోకపోతే, ఇంట్లో పిల్లలెవరితోనైనా ఫోటో తీయించి పంపగలరు. అయితే ఆమెకు ఫోను చేసినప్పుడు నంబరు మాత్రమే అడిగి, కొడుకు గుండె సంగతి దాచడం నాకు సబబుగా తోచడం లేదు. రేపు ఆ కార్డు మీద చికిత్స జరిగినట్టు ఆ ఇంట్లో ఎలాగూ తెలుస్తుంది. అప్పుడు ‘మాకు చెప్పకుండా మా కార్డు వాడుకున్నారు’ అన్న మాట పుడుతుంది, పాత తగవుకు కొత్తది తోడవుతుంది. చెబితే రెండు జరగవచ్చు. మామగారు కదిలి ఆసుపత్రికి రావచ్చు. లేదా, అంత బాధలోనూ పొలం మాటే ఎత్తవచ్చు. రెండోది జరిగితే ఆ మాట మీవారి చెవిన పడకుండా చూడండి, ‘పొలం సంగతి ఆయన లేచి తిరిగాక మాట్లాడుకుందాం మామయ్యా’ అని ఒక్క మాటతో ఆపేయండి. కార్డులో కొడుకు పేరు ఉండడం ఆయన దయ కాదు, దాన్ని తీయించడం ఆయన ఇష్టం మీద ఒక్కపూటలో జరిగేదీ కాదు. మీవారికి తెలియకుండా మీరు చెప్పడమా, ఆయన్ను ఒప్పించి చెప్పడమా అన్నది ఆ మనిషిని ఎరిగిన మీరే తేల్చుకోవాలి. అత్తగారికి చెప్పడం వరకు భర్త అనుమతి కోసం ఆగనక్కర్లేదని మాత్రం నా అభిప్రాయం. ఆమె కన్నతల్లి.

ఆపరేషను తరువాత కూడా ఖర్చు ఉంటుంది, దాన్ని ఇప్పుడే లెక్కలో పెట్టుకోండి. రక్తం పలచబడే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర దాదాపు జీవితాంతం వాడాలి. ఖర్చయిందని మానేస్తే వేసిన నాళాలు కూడా పూడుకుపోతాయి. ఆరోగ్యశ్రీలో గుండె ఆపరేషను అయినవారికి ఏడాది పాటు మందులు, పరీక్షలు ఇచ్చే ఫాలో అప్ ప్యాకేజీ ఉంది, డిశ్చార్జి రోజే ఆరోగ్యమిత్రను అడిగి తేదీలు రాయించుకోండి. ఆ తరువాత జన ఔషధి దుకాణాల్లో అవే మందులు చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. ఈఎస్ఐ దారిలో వెళితే డిస్పెన్సరీలోనే ఇస్తారు. ఆటో సొంతమైతే, ఆ మూడు నెలలు స్టాండులో నమ్మకమైన మనిషికి రోజు కిరాయికి ఇవ్వడం గురించి మీవారితో మాట్లాడండి. ఆయనకు దిగులు తగ్గే మాట బహుశా అదే అవుతుంది.

కొత్త కార్డు పని ఆయన కోలుకున్నాక, ఫాలో అప్ ఏడాది ఎలా సాగుతుందో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకున్నాకే మొదలుపెట్టండి. తెలంగాణలో 2025లో కొత్త కార్డుల జారీ, పాత కార్డుల్లో పేర్ల చేర్పు పెద్ద ఎత్తున జరిగింది. ఈలోగా మీ పేరు, పిల్లల పేర్లు అత్తగారి కార్డులోనే చేర్పించమని దరఖాస్తు ఇవ్వడం కూడా ఒక మార్గం. పేరు చేర్చడం వల్ల ఆయన అర్హతకు భంగం రాదు. దానికి మాత్రం అత్తగారి సహకారం కావాలి. రేపు ఉదయం మీరు డ్యూటీకి వెళ్లేముందు ఆమెకు ఫోను చేసి కార్డు నంబరు రాసుకోండి. అదే రోజు సూపర్‌వైజరును మీ ఐపీ నంబరు అడగండి. ఆ రెండు నంబర్లూ చేతికి వచ్చాక ఆరోగ్యమిత్ర ఏమన్నారో, ఈఎస్ఐలో ఏమన్నారో నాకు మళ్లీ రాయండి.